భయమూ, ఈమానూ
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈసారి ప్రసంగము తెలుగులో ఉండవలెనని కార్యవర్గమువారు మాతో చెప్పినారు. ఉర్దూ మీడియం పంతులుకు ఈ పని అప్పగించినారేమిటని మొదట మాకు నవ్వు వచ్చినది. తరువాత ఆలోచించి చూస్తే వారి మాటలో న్యాయమున్నది. మన పిల్లలలో సగం మందికి నేడు ఉర్దూ మాట్లాడుట వచ్చును గాని చదువుట రాదు. సంచిక ఇంటికి తీసుకొనిపోయి దాచిపెట్టుటకు కాదు గదా, చదువుటకు. కాబట్టి మాకు వచ్చిన తెలుగులో చెబుతాము. తప్పులుంటే తెలుగు పండితులు మన్నించవలెను.

మాకిచ్చిన విషయము 'భయాన్ని జయించుట'. విషయము పెద్దది, సమయము ముప్పై నిమిషాలు. భయమంటే ఏమిటని ఇక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. మనకు అన్నిటికంటె బాగా తెలిసిన పాఠము అదే. అర్ధరాత్రి తలుపు తట్టితే భయము, ఆఫీసునుండి కాగితము వస్తే భయము, ఆడపిల్ల బస్సెక్కితే భయము, ఊళ్ళో ఊరేగింపు ఉందంటే భయము. తల్లులు పిల్లలకు అన్నముతోపాటే దీనినీ పెడుతున్నారు. "ఎందుకురా మనకు లొల్లి, సప్పుడు చేయకుండ ఇంటికి రా" అను మాట వినకుండా పెరిగిన పిల్లవాడు మన మొహల్లాలలో ఉన్నాడా?

ముందుగా ఒక మాట. భయపడుట పాపము కాదు. ఈ సంగతి మన జల్సాలలో తక్కువగా చెబుతారు. మౌల్వీ సాబులు వీరుల కథలు చెప్పునప్పుడు, ఆ వీరులకు అసలు గుండె దడ అనేదే లేనట్టు చెబుతారు. కాని ఖుర్ఆన్ షరీఫులో మూసా అలైహిస్సలామ్ కథ చూడండి. చేతికర్ర పామై కదిలినప్పుడు ఆయన వెనుదిరిగి పరుగెత్తినారు. ఫిరౌన్ దర్బారుకు పొమ్మని హుకుం వచ్చినప్పుడు తన భయాన్ని తానే అల్లాహ్‌తో చెప్పుకున్నారు, తోడుగా అన్నను ఇమ్మని అడిగినారు. మూసా తల్లి సంగతి ఇంకా పెద్దది. పాలు తాగే బిడ్డను పెట్టెలో పెట్టి నదిలో విడిచిన తల్లికి భయము లేదని ఎవరనగలరు? భయము ఉన్నది. ఉండగానే ఆ పని చేసినది. సౌర్ గుహలో ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వెంట ఉన్న అబూబకర్ రజియల్లాహు అన్హు, వెతుకుతూ వచ్చినవారి పాదాల అలికిడి విని కలత చెందినారు. ఆ కలతను ఎవరూ తప్పుపట్టలేదు. ఓదార్పు మాత్రము దొరికినది.

అందుచేత 'డర్నా నహీఁ' అని పిల్లవాని వీపు మీద కొట్టి చెబితే పని కాదు. మా తరగతిలో ఏటేటా చూస్తూనే ఉన్నాము. 2018 చట్టము వచ్చిన తరువాత మన రాష్ట్రములో అన్ని బడులలోను తెలుగు తప్పనిసరి పాఠమైనది. ఉర్దూ గట్టిగా చదివే పిల్లవాడు తెలుగు వాచకము పట్టుకొని నిలబడగానే గొంతు మూగబోతుంది. గద్దించితే కన్నీళ్ళు వస్తాయి గాని అక్షరాలు రావు. ఇద్దరిద్దరిని కలిపి నిలబెట్టి చదివిస్తే పది రోజులలో గొంతు విచ్చుకుంటుంది. పక్కన ఒకరున్నారను నమ్మకము భయానికి మొదటి మందు. పెద్దవారి విషయములోనూ అంతే.

ఇక రెండవ సంగతి. మన భాషలో భయానికి మాటలు చాలా ఉన్నవి. ఖౌఫ్ ఒకటి, ఖషియత్ ఒకటి. పులిని చూచి పారిపోవుట ఖౌఫ్. ఒకరి గొప్పతనము తెలిసి, వారి ముందు తప్పు చేయుటకు జంకుట ఖషియత్. పులికి భయపడినవాడు దూరము పోతాడు, అల్లాహ్‌కు భయపడినవాడు దగ్గరకు పోతాడు. ఈ రెండవది మనిషిలో పెరిగినకొద్దీ మొదటిది తగ్గుతుందని పెద్దలు చెబుతారు. చెప్పుటకు బాగానే ఉన్నది. జరిగినదా, మన నేలమీద ఎవరైనా చేసి చూపినారా అని పిల్లలు అడుగుతారు. అడగవలెను కూడా. వారికి బదర్, కర్బలా కథలు చెబితే "అది ఆ కాలము సార్" అంటారు. అందుకని ఇవాళ దగ్గరి కథ తెచ్చినాము.

షోయబుల్లా ఖాన్ పేరు ఇక్కడ ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. (పెద్దలలో కొన్ని చేతులు లేచినవి. పిల్లలలో లేవలేదు.) తెలియకపోవుట పిల్లల తప్పు కాదు. మనమే చెప్పలేదు.

1920 అక్టోబరు 17న, నేటి ఖమ్మం ప్రాంతములోని సుబ్రవేడులో ఆయన పుట్టినారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసులో ఉద్యోగి. బిడ్డ పుట్టిన నాడే గాంధీజీ ప్రయాణిస్తున్న రైలును చూచినందున తండ్రి ముద్దుగా 'షోయబుల్లా గాంధీ' అని పిలుచుకునేవారని చెబుతారు. ఉస్మానియాలో బి.ఏ. చదివినారు. ఆ రోజులలో ఉర్దూ వచ్చిన ముసల్మాను గ్రాడ్యుయేటుకు నిజాం సర్కారులో నౌకరీ కష్టము కాదు. కుర్చీ వేసి పిలిచేవారు. ఆయన పత్రికలోకి పోయినారు. మొదట 'తేజ్', తరువాత మందుముల నరసింగరావుగారి 'రయ్యత్'. రయ్యత్ అనగా రైతు. రైతు మాట మాట్లాడిన పత్రికను సర్కారు ఎంతకాలము సాగనిస్తుంది? మూయించినది. అప్పుడు 1947 నవంబరులో తానే 'ఇమ్రోజ్' పెట్టినారు. బూర్గుల రామకృష్ణారావుగారు మొదలైనవారు అండగా నిలిచినారు. ఇంట్లో ఆడవాళ్ళ నగలు కూడా ఆ పత్రికకే పోయినవంటారు. ఇమ్రోజ్ అను ఫారసీ మాటకు అర్థము మీకు తెలిసినదే, 'ఈనాడు'. తెలుగులో ఆ పేరుతో వేరే పత్రిక వచ్చుటకు చాలా ఏళ్ళ ముందు సంగతి ఇది.

ఆ కాలము ఎట్టిదో పిల్లలకు చెప్పవలెను. దేశానికి 1947 ఆగస్టులో స్వాతంత్ర్యము వచ్చినది. హైదరాబాదు సంస్థానము మాత్రము విడిగా ఉంటానన్నది. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ నాయకత్వములో రజాకార్లు ఊళ్ళమీద పడినారు. రజాకార్ అంటే స్వచ్ఛందముగా సేవ చేయువాడని అర్థము. ఎంత మంచి మాట! మంచి మాటకు అంత చెడ్డ గతి పట్టుట మేము మరొకటి చూడలేదు. ఈనాటికీ తెలంగాణ పల్లెలలో అది తిట్టే. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలోను ఆ తిట్టు వినని ముసల్మాను లేడు. రజాకార్లు కొట్టినది హిందువులనే కాదు, ఎదురు చెప్పిన ముసల్మానులను కూడా. ముసల్మానుల పేరు చెప్పి చేస్తున్నారు కాబట్టి, ముసల్మానే లేచి 'ఇది మా పేరుమీద చేయవద్దు' అని అంటే వారికి అన్నిటికంటె కోపము.

1948 ఆగస్టు 13న ఏడుగురు ముస్లిం పెద్దలు ఒక ప్రకటన చేసినారు. రజాకార్లను రద్దు చేయవలెను, సంస్థానము భారతదేశములో కలియవలెను అని. ఖాజీ అబ్దుల్ గఫార్ స్థాపించిన 'పయాం' పత్రికలో అది వచ్చినది, ఇమ్రోజ్ కూడా దానిని అచ్చువేసినది. సంతకము చేసినవారిలో బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్, ఫరీద్ మీర్జా ఉన్నారు. ఈ ఫరీద్ మీర్జా మనకు పొరుగువారే అనుకోవచ్చు. ఆదిలాబాదుకు ఆనుకొని ఉన్న నాందేడ్ జిల్లాలో రెవెన్యూ అధికారిగా ఉండి, రజాకార్లు చేయునది కండ్లారా చూచి, నౌకరీకి రాజీనామా ఇచ్చిన మనిషి. ఇల్లు గడిచే జీతాన్ని వదలుకొనుటకు ఎంత గుండె కావలెనో జీతగాళ్ళమైన మాకు తెలుసు.

షోయబుల్లా ఖానుకు బెదిరింపు ఉత్తరాలు వచ్చినవి. ఆగస్టు 19న జమరుద్ మహల్ సభలో రజ్వీ, ముస్లిముల ఐక్యతకు ఎదురు లేచే చేతులు నరికివేయబడుతాయని మాట్లాడినాడు. మరి రెండు రోజులకు, 21వ తేది అర్ధరాత్రి, కాచిగూడలో పత్రిక పని ముగించుకొని ఇంటికి నడచి పోవుచుండగా దారి కాచినవారు ఆయనను కాల్చి, చేయి నరికినారు. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ అడ్డుపోతే ఆయన చేయి కూడా పోయినది. తెల్లవారకముందే షోయబుల్లా ఖాన్ వఫాత్ అయినారు. వయసు 28 నిండలేదు. మన నౌజవానులలో ఆ వయసువారు చాలామంది ఇంకా పోటీ పరీక్షలకు చదువుతున్నారు.

ఆ తరువాత 27 రోజులకు, సెప్టెంబరు 17న, నిజాం సైన్యము లొంగిపోయినది. రజ్వీ జైలుకు పోయినాడు, 1957లో విడుదలై పాకిస్తాను పోయినాడు. ఇరవైయేడు రోజులు నోరు మూసుకొని ఉంటే సరిపోయేది కదా, ప్రాణము దక్కేది కదా అని లెక్కలు వేసేవారున్నారు. మా శిష్యుడొకడు ఇట్లే అడిగినాడు కూడా. తెలివిగల ప్రశ్న. కాని ఇంకా 27 రోజులే ఉన్నవని ఆయనకు ఎవరు చెప్పినారు? ధైర్యము చేయువానికి క్యాలెండరు ముందుగా కనపడదు. మరొక సంగతి. ఆ ఇరవైయేడు రోజులలో ఆయన మాట ఎవరికి పనికివచ్చినదో మనము ఆలోచించము. పోలీస్ యాక్షన్ తరువాత ఏ ముసల్మాను అయినా, "మేమందరమూ రజాకార్లము కాము" అని చెప్పవలసి వచ్చినప్పుడు చూపించుటకు ఒక పేరు ఉండినది. ఆ పేరు షోయబుల్లా ఖాన్. బతికినవారికి చనిపోయినవాడు పెట్టిపోయిన ఆస్తి అది.

పోలీస్ యాక్షన్ మాట వచ్చినది కాబట్టి దానిని దాటిపోరాదు. మన ఇండ్లలో దాదాలు, దాదీలు ఆ మాట వస్తే గొంతు తగ్గించేవారు. పిల్లలు దగ్గరికొస్తే మాట మార్చేవారు. సైన్యము వచ్చిన తరువాత ఏ పాపమూ ఎరుగని ముసల్మానులు వేలమంది చనిపోయినారు. ఢిల్లీ ప్రభుత్వము పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారి బృందము 1948 చివర సంస్థానములో తిరిగి నివేదిక వ్రాసినది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటె ఎక్కువ దెబ్బతిన్నవని అందులో ఉన్నది. ఆ నివేదిక ఎన్నో దశాబ్దాలు జనము చేతికి రాలేదు. అదే నివేదికలో ఇంకొకటి కూడా ఉన్నది. తమ ప్రాణాలకు తెగించి ముసల్మాను ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల సంగతి. వారు కూడా తమవారికే ఎదురు నిలిచినారు గదా! మా దృష్టిలో వారూ షోయబుల్లా ఖానూ ఒకే జాతివారు.

మేము చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడ ఉన్నది. పరాయివాడికి ఎదురు నిలుచుట ఒక రకపు ధైర్యము. అందులో వెనుక మన జనము ఉంటుంది, కేకలు వేసి ఉత్సాహము ఇస్తుంది, చనిపోతే షహీద్ అంటుంది. మనవారికే ఎదురు చెప్పుట వేరు రకము. అక్కడ వెనుక ఎవరూ ఉండరు. మసీదులో పక్కన నిలబడినవాడు ముఖము తిప్పుకుంటాడు, పెళ్ళి దావతుకు పిలుపు రాదు, 'గద్దార్' అంటారు. అల్లాహ్ మీద భరోసా నోటి మాటగా ఉన్నదా, గుండెలో ఉన్నదా అనేది ఆ ఒంటరితనములో తేలుతుంది. న్యాయానికి సాక్షులుగా నిలబడండి, అది మీకు మీరే ఎదురైనా, మీ తల్లిదండ్రులకు, దగ్గరివారికి ఎదురైనా అని అర్థము వచ్చే ఆదేశము సూరా నిసాలో ఉన్నది. చాలా జల్సాలలో దీనిని తియ్యగా చదువుతారు. చదివి, మిఠాయి పంచుకొని ఇంటికి పోతాము.

బందగీ కథ కూడా ఇదే కోవలోనిది. జనగామ తాలూకా కామారెడ్డిగూడెములో షేక్ బందగీ చిన్న రైతు. బంధువర్గములోని భూమి తగాదాలో విసునూరు దేశముఖ్ అవతలివారి పక్షము పట్టినాడు. దేశముఖ్ మాట అంటే ఆ దినములలో చట్టము. ఊళ్ళో ఎవరైనా దండము పెట్టి పొలము వదిలేవారే. బందగీ వదలలేదు, కచ్చేరీకి పోయినాడు. ఏళ్ళ తరబడి కాళ్ళరిగేలా తిరిగి గెలిచినాడు కూడా. 1940లో దేశముఖ్ మనుషులు ఆయనను చంపినారు. కత్తి పట్టని మనిషి, చేతిలో ఉన్నదంతా అర్జీ కాగితాలే. ఆయన సమాధి దగ్గర ఉర్సు చేసుకొన్నవారు ఒక్క ముసల్మానులే కాదు. 'మా భూమి' నాటకానికి ప్రేరణ ఆ కథే. వ్రాసినవారు సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు. ఆంధ్ర ప్రాంతములో వందల చోట్ల ఆడినారు. మన షాదీఖానాలో ఒక్కసారైనా ఆ మాట అనుకున్నామా?

అదే 1940లో మన ఆదిలాబాదు అడవిలో, జోడేఘాటులో కుమ్రం భీము నిజాం పోలీసుల తుపాకులకు బలి అయినాడు. ఇంకా వెనుకకు పోతే నిర్మల్. 1857 తరువాత రాంజీ గోండు, రోహిల్లాలు కలిసి తెల్లవారిమీద, నిజాం బలగాలమీద పోరాడినారు. పట్టుబడినవారిని 1860లో ఒక మర్రిచెట్టుకు ఉరితీసినారు. వెయ్యిమంది అంటారు, అందుకే 'వెయ్యి ఉరుల మర్రి' అని పేరు. ఆ చెట్టు తరువాత గాలివానకు కూలినది. గోండులు, రోహిల్లాలు ఒకే కొమ్మకు వేలాడిన జిల్లా మనది. ఈ సంగతులు తెలిసినవే గనుక పొడిగించము. నిర్మల్ బొమ్మలు కొనుటకు పోయినవారు ఆ స్మారకము దగ్గర రెండు నిమిషాలు ఆగితే చాలు.

ఇక మన ఇండ్లకు వద్దాము. మనకు ఇవాళ ఎవరి భయము ఎక్కువ అని కూర్చొని లెక్క వేసుకోవలెను. పరాయివారి భయము లేదని మేమనము. 2008 అక్టోబరులో భైంసాలో ఏమి జరిగినదో, వటోలిలో ఒకే ఇంటివారు ఆరుగురు ఎట్లా దహనమైపోయినారో మరచిపోయినవారు ఇక్కడ లేరు. దానిని తలచుకొని తల్లులు భయపడితే, ఆ తల్లులను పిరికివారనేవాని నోరు మూయించవలెను. ఆ భయానికి కారణమున్నది. కాని అటువంటి రోజులలో మనము చేయగలిగిన పని ఒకటున్నది. ఫోనులో వచ్చిన బొమ్మను, మాటను నిజమో కాదో చూడకుండా పదిమందికి పంపకుండుట. ఇంకొకటి, మనలో ఎవడైనా కుర్రవాడు రాయి పట్టుకుంటే వాని చేయి పట్టుకొనుట. పరాయి కుర్రవాని చేయి పట్టుకొనుటకు మనకు బలము చాలకపోవచ్చు. మన కుర్రవాని చేయి మన అందుబాటులోనే ఉన్నది గదా. పట్టుకున్నవానిని 'డరపోక్' అంటారు. అననీయండి.

రోజువారీ భయాలు మాత్రము ఎక్కువగా మనవారివే. గల్ఫు సంగతి తీసుకోండి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫు పోయిన మనిషి లేని వాడ ఉన్నదా? ఏజెంటు 'ఆజాద్ వీసా' అంటాడు, చేతిలో పెట్టేది విజిట్ వీసా. అక్కడ కఫీలు పాస్‌పోర్టు గుంజుకుంటాడు, పిల్లవాడు పారిపోయి ఖల్లివెల్లి అయిపోతాడు. ఇక్కడ తల్లి వడ్డీ కడుతుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు మనుషులను పంపరాదు. లైసెన్సు ఉన్నవాడు కూడా సేవా రుసుము కింద 30,000 రూపాయలు, దానిమీద పన్ను తప్ప తీసుకోరాదు. మనవాళ్ళు లక్ష, లక్షన్నర ఇచ్చి రసీదు అడుగరు. ఎందుకు అడుగరు? "మనవాడే గదా సార్, రోజూ నమాజులో కలుస్తాడు" అంటారు. మోసము జరిగిన తరువాత ఫిర్యాదు ఇవ్వరు. మళ్ళీ అదే మాట, మనవాడే గదా!

మాకు తెలిసిన ఒక తల్లి మాత్రము ఇచ్చినది. పేరు చెప్పము, ఆమెకు ఇష్టముండదు. బీడీలు చుట్టి బతికే మనిషి. కొడుకు మస్కట్‌లో చిక్కుపడినాడు. ఏజెంటు ఆమెకు దూరపు చుట్టము. మొహల్లా పెద్దలు ఇంటికి వచ్చి, పోలీసు స్టేషనుకు పోతే కౌమ్ ఇజ్జత్ పోతుందన్నారు. ఆమె లోపలికి పోయి రెండు రకాతులు నమాజు చదివి, బురఖా వేసుకొని బయలుదేరినది. కాగితము మీద ఏమి వ్రాయవలెనో తెలియక మా దగ్గరికి వచ్చినది. వ్రాస్తున్నంతసేపు ఆమె చేతులు వణుకుతూనే ఉన్నవి. వేలిముద్ర వేసేటప్పుడు సిరా చెదిరి కాగితము పాడైతే ఇంకొకటి వ్రాసినాము. డబ్బు మొత్తము రాలేదు, సగమే వచ్చినది. కొడుకు మాత్రము నాలుగు నెలలకు ఇంటికి వచ్చినాడు. ఆ సంవత్సరము ఆమె బిడ్డ పెళ్ళికి మొహల్లాలో కొందరు రాలేదు. వచ్చినవాళ్ళకు ఆమె కడుపునిండా ఖుబానీ మీఠా పెట్టినది. మేము తిన్నాము, కాబట్టి సాక్ష్యము చెబుతున్నాము.

జహేజు సంగతి కూడా ఇట్లే ఉన్నది. పెళ్ళికొడుకు తరఫువారు మోటారు సైకిలు అడిగినప్పుడు అది తప్పని సభలో ఉన్న ప్రతివానికీ తెలుసు. ఖాజీ సాబుకు తెలుసు, వకీలుకు, గవాహులకు తెలుసు. మహర్ ఇచ్చేది మగవాడు గదా, ఈ ఎదురు లెక్క ఎక్కడిదని ఎవరూ అడుగరు. అడిగితే పిల్ల పెళ్ళి ఆగిపోతుందను భయము. ఆ భయము పిల్ల తండ్రికి ఉంటే అర్థము చేసుకోవచ్చు. పులావు తిని పోవుటకు వచ్చిన రెండువందల మందికి దేని భయము? అందులో పదిమంది లేచి, ఈ దావతు మేము తినము అని చెప్పులు వేసుకొని బయటికి వస్తే చాలు, ఆ సంగతి పక్క మండలము దాకా పోతుంది. సంఘము తరఫున ఒక తీర్మానము ఉన్నదని కార్యదర్శిగారు గుర్తు చేస్తున్నారు. ఉన్నది, మేమూ సంతకము పెట్టినాము. తీర్మానము బీరువాలో ఉన్నది, మోటారు సైకిళ్ళు రోడ్డుమీద ఉన్నవి.

తవక్కుల్ గురించి రెండు మాటలు చెప్పి ముగిస్తాము. అల్లాహ్ మీద భారము వేసితిమి అని చేతులు ముడుచుకొని కూర్చొనుట మనలో కొందరికి అలవాటు. ఒంటెను ముందు కట్టవలెను, తరువాత అల్లాహ్ మీద భారము వేయవలెనని ప్రవక్త బోధ ఉన్నది గదా! బందగీ దువా చేసి ఊరకుండలేదు, అర్జీ పెట్టినాడు. షోయబుల్లా ఖాన్ పత్రిక నడిపినాడు, దానికి కాగితము, సిరా, అచ్చుయంత్రము, కూలి అన్నీ చూసుకున్నాడు. ఆ తల్లి ముందు నమాజు చదివినది, తరువాత ఠాణాకు పోయినది. రసీదు తీసుకొనుట కూడా ఒంటెను కట్టుటే. ఆధార్ కాగితాల నకళ్ళు, పాస్‌పోర్టు నకలు, ఏజెంటు లైసెన్సు నంబరు ఇంట్లో ఒక సంచిలో ఉంచుట కూడా అంతే. పాస్‌పోర్టు తీసుకున్న ప్రతి ఇంటివారు, మనిషి ప్రయాణానికి ముందే ఆ నంబర్లన్నీ సంఘము రిజిస్టరులో వ్రాయించవలెనని గత కార్యవర్గ సమావేశములో అనుకున్నాము. ఇప్పటి వరకు వచ్చినవి పదకొండు ఇండ్లే. రిజిస్టరు మా దగ్గరే ఉన్నది, శుక్రవారము అసర్ తరువాత రండి, మేము షాదీఖానా అరుగు మీద కూర్చుంటాము. చదువు రానివారు సిగ్గుపడనక్కరలేదు, మా పదవ తరగతి పిల్లలు వ్రాసిపెడతారు. తెలుగులోనే వ్రాస్తారు.

చివరగా ఒక మనవి. షోయబుల్లా ఖాన్ నడచిన కాచిగూడ వీధి ఇంకా ఉన్నది. ఆయన పోయి 75 సంవత్సరాలు దాటినది. వచ్చే సెలవులలో పదవ తరగతి పిల్లలను, ఆడపిల్లలను కూడా, హైదరాబాదు తీసుకొనిపోయి చార్మినారు, సాలార్జంగ్ మ్యూజియముతోపాటు ఆ వీధి కూడా చూపించవలెనని మా కోరిక. జూపార్కు ఒకటి తగ్గించినా ఫరవాలేదు. ఆడపిల్లల వెంట ఇద్దరు టీచరమ్మలు వస్తామన్నారు. బస్సు కిరాయి గురించి కోశాధికారిగారి వైపు చూస్తున్నాము, వారు కాగితాల వైపు చూస్తున్నారు. పేర్లు ఇవ్వదలచిన తల్లిదండ్రులు భోజనాల తరువాత మా దగ్గరికి రావచ్చును.

ఖుదా హాఫిజ్.